శీతల గిడ్డంగులలో యంత్రములు నడపువారి యోగ్యత

మన రైతు తన పంటను శీతల గిడ్డంగిలో, అనగా వాడుకలో మనమందరము కోల్డు స్టోరేజి అని పిలుచుచోట, దాచుకొనబోవునప్పుడు కొన్ని ప్రశ్నలు తప్పక వేయుచున్నాడు. టిక్కీకి అద్దె ఎంత? రసీదుమీద బ్యాంకువారు అప్పు నిత్తురా? సరకునకు బీమా కలదా? కరెంటు పోయినచో జనరేటరు ఉన్నదా? ఇవన్నియు అడుగదగిన ప్రశ్నలే. కాని మనము అడుగక విడిచిన ప్రశ్న ఒకటి కలదు. ఆ చలిని పుట్టించు యంత్రమును రాత్రింబవళ్లు కనిపెట్టియుండు మనిషి ఎవరు? అతడు ఆ పనిని ఎవరివద్ద నేర్చెను? నేర్చినాడని ఎవరు పరీక్షించి చెప్పిరి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత నేడు ఎవరిమీదను స్పష్టముగా లేదు. ఆ బాధ్యతను ఏర్పరచుట అవసరమనియు, చట్టము వచ్చువరకు ఊరక కూర్చుండక మన సహకార సంఘములే అందుకు పూనుకొనవలెననియు మా అభిప్రాయము.

నిప్పుతో పనిచేయువాని విషయమున మన దేశపు చట్టము ఏనాడో మేలుకొన్నది. 1863లో కలకత్తాలో ఒక బాయిలరు ప్రేలి ఘోర ప్రమాదము జరుగగా, మరుసటి సంవత్సరముననే బెంగాలులో బాయిలర్ల తనిఖీకై చట్టము చేసిరి. తరువాత ఒక్కొక్క ప్రాంతమున ఒక్కొక్క తీరుగా నడచిన నిబంధనలను ఏకము చేయుచు 1923లో బాయిలర్ల చట్టము ఏర్పడెను. నూరేండ్లు గడచిన పిమ్మట 2025లో దాని స్థానమున కొత్త చట్టము వచ్చినది. చట్టము మారినను మూలసూత్రము మారలేదు. ఊకతో కాలు బాయిలరు గల ఉప్పుడు బియ్యపు మిల్లును చూడుడు. ఆ బాయిలరునకు తనిఖీ అధికారి పత్రము ఉండవలెను. దానిని కనిపెట్టియుండు అటెండెంటునకు పరీక్షలో నెగ్గి సంపాదించిన యోగ్యతాపత్రము ఉండవలెను. అటులనే కరెంటు తీగలు అమర్చువానికి వైర్మన్ పర్మిట్టు కావలెను. ఈ నిబంధనలు అన్నిచోట్లను సరిగా పాటింపబడుచున్నవని మేము చెప్పము. కాని పాటింపనివానిని నిలదీయుటకు నిబంధన అనునది ఒకటి ఉన్నది.

ఇక చలి సంగతి చూతము. ఐ.టి.ఐ.లలో శీతల యంత్రముల పనికి రెండేండ్ల శిక్షణ కలదు. పదవ తరగతి ప్యాసైనవారు చేరవచ్చును. శిక్షణ ముగించి పరీక్షలో నెగ్గినవారికి దేశమంతట చెల్లు పత్రము లభించును. కాని ఆ పత్రము గాని, దానికి సమానమైనది మరియొకటి గాని లేనివాడు గిడ్డంగిలోని అమోనియా యంత్రముపై చేయి వేయరాదని, బాయిలరు విషయమున వలె నిర్బంధించు నిబంధన మన గిడ్డంగులకు కానరాదు. రెండేండ్లు చదివి వచ్చినవాడును, రెండు నెలలు పాన అందించి వచ్చినవాడును ఒకే పిలుపునకు, ఒకే కూలికి వచ్చుచుండగా, చదువుకొనవలెనన్న కోరిక ఎవనికి పుట్టును?

పూర్వము ఈ గిడ్డంగులపై చట్టమే లేకుండెనని అనుకొనరాదు. నిత్యావసర సరకుల చట్టము క్రింద 1964లోను, తిరిగి 1980లోను కోల్డు స్టోరేజీ ఆజ్ఞలు వెలువడినవి. 1997లో కేంద్రప్రభుత్వము ఆ ఆజ్ఞను ఎత్తివేసినది. పశ్చిమ బెంగాలు 1966లోను, ఉత్తరప్రదేశము 1976లోను తమకై వేరు చట్టములు చేసికొన్నవి. వీనియన్నిటి ప్రధానదృష్టి గిడ్డంగి యజమాని లైసెన్సుమీదనే గాని, యంత్రము త్రిప్పు చేతిమీద కాదు. ఫ్యాక్టరీల చట్టము సంగతియు ఇట్టిదే. 1976లో జరిగిన సవరణవలన శీతల గిడ్డంగిలో సరకు దాచుటయు ఫ్యాక్టరీ పనిగా లెక్కకు వచ్చెను; కరెంటుతో నడచుచోట 10 మంది పనివారున్న చాలునని ఆ చట్టము చెప్పెడిది. దానికి బదులు 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన వృత్తి భద్రతా స్మృతిలో ఆ సంఖ్య సాధారణముగా 20 అయినది. కావున చిన్న గిడ్డంగులు తనిఖీ కంటికి మునుపటికంటె దూరమైనవి. అమోనియా మాత్రము పనివారి సంఖ్యను లెక్కించి మెత్తబడదు.

అమోనియా చెడ్డదని మా భావము కాదు. గిడ్డంగులకు అది తగిన వాయువే. ధర తక్కువ, చలి నిచ్చుటలో సమర్థము, ఓజోను పొరకు హాని చేయదు, భూతాపమును పెంచదు. మామూలు గాలి ఒత్తిడిలో అది సున్నకు దిగువ 33 డిగ్రీల సెంటిగ్రేడువద్దనే మరగును. అట్లు మరగునప్పుడు చుట్టునున్న వేడిని తనలోనికి లాగుకొనును. సరకు గదిలోని గొట్టములలో వేడిని లాగుకొన్న ఆ ఆవిరిని కంప్రెసరు అదిమి కండెన్సరులోనికి పంపగా, అచ్చట నీటివలన చల్లబడి తిరిగి ద్రవమగును. ఇదియే చలి పుట్టు విధము. మన వేసవిలో ఆ కండెన్సరునందలి ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు సుమారు 12 మొదలు 15 కిలోల వరకు ఉండును. బాయిలర్ల చట్టము 25 లీటర్లకు, 1 కిలో ఒత్తిడికి తక్కువైన చిన్న పాత్రలను మాత్రమే విడిచిపెట్టి, తక్కినవానిని తన క్రిందికి తీసికొనుచున్నది. అనగా 2 కిలోల ఒత్తిడిగల ఆవిరిని కనిపెట్టువానికి పరీక్ష కావలెను. 15 కిలోల ఒత్తిడిలో విషవాయువును కనిపెట్టువానికి అక్కరలేదు! ఇందలి న్యాయమేమో మాకు బోధపడకున్నది.

ఆ వాయువు స్వభావమును తెలిసికొనుట కష్టము కాదు, తెలియకుండుటయే ప్రమాదము. గాలిలో పదిలక్షల పాళ్లకు అమోనియా 25 పాళ్లు మించినచోట దినమంతయు పనిచేయరాదు. 300 పాళ్లున్నచోట ప్రాణాపాయము. క్షణము నిలువక బయటపడవలెను. మూసిన గదిలో గాలియందు 15 నుండి 28 శాతము వరకు చేరినచో నిప్పురవ్వకు అంటుకొనును. నీరనిన దానికి మిక్కిలి ప్రీతి. కనుకనే తడిగానుండు కన్నును, గొంతును, ఊపిరితిత్తులను ముందుగా పట్టును. గాలిలో వ్యాపించిన ఆవిరిని నీటి జల్లుతో అణచవచ్చును. కాని నేలమీద మడుగు కట్టిన ద్రవ అమోనియాపై నీరు పోసినచో ఆవిరి తగ్గుటకు బదులు మరింత లేచును. ఈ ఒక్క భేదము తెలియనివాడు మేలు చేయబోయి కీడు చేయును. రాగిని, ఇత్తడిని అది తినివేయును. ఇంటి ఫ్రిజ్జులకు రాగి గొట్టములు అతికి అలవాటుపడినవాడు గిడ్డంగి గొట్టమునకు ఇత్తడి వాల్వు బిగించినచో, ఆ తప్పు బిగించిననాడు కనబడదు. కొన్ని నెలలకు, ఏ రాత్రివేళనో కనబడును.

నూనె తీయుట మరియొక పని. కంప్రెసరులోని నూనె కొంత కొంతగా గొట్టములలోనికి పోయి అడుగున పేరుకొనును. దానిని అప్పుడప్పుడు వెలికి తీయవలెను. నూనె వెనుకనే ద్రవ అమోనియా పొంచియుండును. వాల్వు తెరచి, బీడీ కాల్చుకొని వత్తునని ప్రక్కకు పోయినవాడు తిరిగి వచ్చుసరికి నూనె అయిపోయి అమోనియా వెడలుచుండును. చేయి విడిచిన తక్షణము తనంత తానే మూసికొను వాల్వు, ప్రక్కన రెండవ మనిషి, ముఖమునకు మాస్కు, చేరువలో నీటి కుళాయి - ఈ నాలుగును లేనిదే నూనె తీయరాదని శిక్షణ పొందినవానికి ఎవరును చెప్పనక్కరలేదు. శిక్షణలేనివానికి చెప్పువారు లేరు.

ఇవి మనకు దూరపు మాటలు కావు. 2020 జూన్‌లో నంద్యాలలోని ఒక ఫ్యాక్టరీలో అమోనియా వెలువడి ఒకరు మరణించిరి. అదే సంవత్సరము ఆగస్టులో చిత్తూరు జిల్లా పూతలపట్టు మండలములోని ఒక పాల ఫ్యాక్టరీలో అమోనియా వెలువడి పలువురు స్త్రీ కార్మికులు ఆసుపత్రి పాలైరి. ఆ యా చోట్ల తప్పు ఎవరిదని తీర్పు చెప్పుట మా పని కాదు. పెద్ద ఫ్యాక్టరీలలోనే ఇట్టివి జరుగుచుండగా, ఊరి అంచున ఒక కాపలాదారుడును ఒక ఆపరేటరును మాత్రము ఉండు గిడ్డంగిలో జరిగినచో, ఏ వాల్వు ముందు కట్టవలెనో, గాలి ఏ దిక్కునుండి వీచుచున్నదో, ఏ వీధివారిని ముందు లేపవలెనో ఎవరికి తెలియునని మాత్రమే మా ప్రశ్న.

ప్రాణభయమటుంచినను, కంటికి కనబడని నష్టము నిత్యము కలదు. గది గొట్టములపై మంచు మందముగా పేరుకొన్నచో చలి సరకునకు అందదు. యంత్రము మాత్రము ఆగక తిరుగుచు కరెంటు త్రాగుచుండును. గొట్టములలో గాలి చేరినచో కండెన్సరు ఒత్తిడి పెరిగి ఖర్చు హెచ్చును. మంచు కరగించుటయు, గాలి తీసివేయుటయు తెలిసినవాడు బిల్లు తగ్గించును. తెలియనివాడు చేయు వృథా అద్దె రూపమున మనమీదనే పడును. గదిలోనికి అమోనియా కారినచో ఉల్లి, ఆపిలు మొదలగువాని రంగు చెడును. మిరప విషయమున మరియొక చిక్కు కలదు. సరకు గిడ్డంగికెక్కు ఫాల్గుణ చైత్రములలోనే ఎండలును ముదురును. లోపల వెచ్చని సరకు, బయట మండు టెండ. యంత్రమునకు అన్నిటికంటె బరువైన కాలమదే. ఆ కాలముననే నేర్పులేని చేయి పెట్టు ఖర్చు ఎక్కువ.

పాల సంఘముల సభ్యులు ఇది తమ గొడవ కాదని అనుకొనరాదు. పిదికిన పాలు పశువు ఒంటి వేడితోనే వచ్చును. వానిని త్వరగా 4 డిగ్రీలకు దింపుటకే ఊరూరను పాల శీతలీకరణ తొట్లు నెలకొన్నవి. వానిలో తిరుగు వాయువులు నేడు మారుచున్నవి. ఓజోను పొరను కాపాడుటకై 1987లో కుదిరిన మాంట్రియలు ఒడంబడికననుసరించి, ఇంతకాలము విరివిగా వాడిన ఆర్-22 జాతి వాయువులతో కొత్త యంత్రములు తయారుచేయుట మన దేశమున 2025 జనవరి 1 నుండి నిషిద్ధమైనది. వాని స్థానమున వచ్చుచున్నవానిలో ఆర్-32 కొద్దిగా మండు స్వభావము కలది. ప్రొపేను మన వంటగ్యాసు జాతిదే, సులభముగా అంటుకొనును. ఒక వాయువునకై చేసిన యంత్రములో మరియొకటి నింపుట, నింపిన చోటనే అతుకు మంట వెలిగించుట మొదలగునవి పాత అలవాటున చేసిన పనులైనను కొత్త వాయువులతో ప్రాణాంతకములగును. 2019లో మన కేంద్రప్రభుత్వము ప్రకటించిన శీతలీకరణ కార్యప్రణాళికలో లక్షమంది మరమ్మతుదారులకు శిక్షణయు, యోగ్యతాపత్రములును ఇవ్వవలెనని లక్ష్యము పెట్టుకొన్నారు. మంచిదే. కాని పత్రమును అడుగువాడు లేనప్పుడు పత్రమునకు విలువ ఎచ్చటినుండి వచ్చును? అడుగవలసినవారము మనమే.

ఇందుకు కొందరు చెప్పు ఆక్షేపణలు మాకు తెలియును. అవి తోసివేయదగినవి కావు.

మొదటి ఆక్షేపణ: పత్రమనినంతనే లంచమునకు మరియొక కిటికీ తెరచినట్లగును. ఇది నిజమైన భయము. దీనికి మందు పరీక్షను కాగితమునుండి యంత్రమువద్దకు దింపుటయే. గేజి చూచి చెప్పుము, ఈ వాల్వు కట్టుము, మాస్కు తొడుగుకొనుము, నూనె తీసి చూపుము అని నలుగురి ఎదుట అడిగి, ఫలితమును అదేదినము గోడకు అంటించినచో కిటికీలో జరుగు బేరమునకు చోటు తగ్గును.

రెండవ ఆక్షేపణ: బడి ముఖము చూడకున్నను ఇరువదియేండ్లుగా కంప్రెసరు మ్రోత విని రోగము చెప్పగల మేస్త్రీలు కలరు, పత్రము పేరిట వారిని వీధిపాలు చేయుదురా? చేయరాదు. నేర్చిన పనిని గుర్తించి పరీక్షించు పద్ధతి 2015లో ఆరంభమైన ప్రధానమంత్రి కౌశల వికాస యోజనలోనే కలదు. అట్టివారికి పదవ తరగతి అడుగక, తెలుగులో నోటిమాటగా ప్రశ్నించి, చేతిపని చూచి పత్రమీయవలెను. అందుకు రెండు మూడేండ్ల గడువును ఇయ్యవలెను. అట్టి మేస్త్రీలే కుర్రవారికి గురువులు కావలసినవారు.

మూడవ ఆక్షేపణ: ఒక్కొక్క ఊరు ఒక్కొక్క నిబంధన పెట్టినచో పనివాడు ఎన్ని పత్రములు మోయగలడు? ఈ చిక్కు అమెరికాలో కానవచ్చుచున్నది. అచ్చట ఓజోనుకు హానిచేయు వాయువులు నింపిన యంత్రములు విప్పువానికి దేశమంతటికి చెల్లు పరీక్ష 1994 నుండి కలదు. కాని పనిచేయు లైసెన్సు మాత్రము రాష్ట్రమునకొక విధము. కొన్నిచోట్ల నగరమునకొక విధము. న్యూయార్కు రాష్ట్రమునకంతటికి ఒకే లైసెన్సు లేదు. న్యూయార్కు నగరములో మాత్రము పెద్ద శీతల యంత్రములు నడపువారికి అగ్నిమాపక శాఖ తానే పరీక్షపెట్టి పత్రమిచ్చుచున్నది. దీనినుండి మనము నేర్వవలసినది ఇది: పరీక్ష ఒక్కటిగా ఉండవలెను, పత్రము అంతట చెల్లవలెను, పత్రమున్నదా లేదా అని చూచు కన్ను మాత్రము స్థానికముగా ఉండవలెను. గుంటూరులో సంపాదించిన పత్రము నిజామాబాదులో చెల్లవలెను. నిజామాబాదు గిడ్డంగి తలుపునకు అది అంటించియున్నదా అని చూచువారు నిజామాబాదువారే కావలెను.

నాలుగవది ఖర్చు. లెక్క చూతము. ఉదాహరణకు 50,000 టిక్కీలు పట్టు గిడ్డంగిలో ఇద్దరి శిక్షణకును, మాస్కులు మొదలగు సామగ్రికిని లక్ష రూపాయలు ఖర్చైనదనుకొందము. టిక్కీకి 2 రూపాయలు పడును. అదియు ప్రతి సంవత్సరము పడునది కాదు. ఒక్క టిక్కీ చెడినచో పోవు సొమ్ము ముందు ఇదెంత?

కావున ప్రభుత్వమును మేము కోరునది స్వల్పము. శీతల యంత్రము నడపువానికి ఒకటి, దానిని విప్పి బాగుచేయువానికి ఒకటి, ఈ రెండు తరగతుల పత్రములను బాయిలరు అటెండెంటు పత్రమువలె తప్పనిసరి చేయవలెను. పరీక్ష తెలుగులో జరుగవలెను. రుసుము కూలివాడు భరింపగలిగినంతయే ఉండవలెను. అయిదేండ్లకొకసారి, మారిన వాయువులను గూర్చి తిరిగి పరీక్షించి పత్రమును పొడిగింపవలెను.

చట్టము వచ్చునప్పుడు వచ్చును. సహకార సంఘములు అంతవరకు ఆగనక్కరలేదు. స్వంత గిడ్డంగి గాని, పాల శీతలీకరణ తొట్టి గాని గల సంఘము తన సర్వసభ్య సమావేశమున ఈ క్రింది విధముగా తీర్మానము చేసికొనవచ్చును. ఒక నిర్ణీత గడువు తరువాత శిక్షణ పత్రము లేనివానిచే యంత్రమును నడిపింపరాదు. బయటి మెకానిక్కును పిలిచినప్పుడు అతని పత్రమును చూచి, పేరును పుస్తకములో వ్రాసికొనవలెను. ఒత్తిడిని, గది చలిని గంటగంటకు వ్రాయు దినచర్య పుస్తకము యంత్రము గదిలో ఉండవలెను. దానిని పాలకవర్గ సభ్యుడొకడు వారమునకొకసారి చూచి సంతకము చేయవలెను. నూనె తీయునప్పుడు ఇద్దరుండవలెను. మాస్కులు యంత్రము గది లోపల గాక బయట, చేతికందుచోట ఉండవలెను. సభ్యుల పిల్లలలో పదవ తరగతి ప్యాసైన ఒక యువకునో యువతినో ఎన్నుకొని సంఘము ఖర్చుతో ఐ.టి.ఐ.కి పంపవలెను. ఇందులో ఏ ఒక్కటియు ప్రభుత్వపు టుత్తరువు కొరకు ఎదురుచూడవలసినది కాదు.

స్వంత గిడ్డంగి లేని సంఘములు సభ్యుల సరకునంతటిని కూర్చి ఒక గిడ్డంగి యజమానితో మాటాడునప్పుడు అద్దెతోపాటు ఈ షరతులను కూడ ఒప్పందములో చేర్చవలెను. ఒక్క రైతు అడిగినచో యజమాని నవ్వి ఊరకుండవచ్చును. వేయి టిక్కీలు ఒక్కటిగా అడిగినచో జవాబు చెప్పక తప్పదు. సహకారమునకు ఉన్న బలమిదియే. ధర విషయమున దానిని ఎరిగిన మనము భద్రత విషయమున ఇంతవరకు వాడుకొనలేదు.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట మనకు అలవాటైపోయినది. కలకత్తా బాయిలరు ప్రేలిన తరువాతనే బాయిలరు చట్టము పుట్టినది. శీతల యంత్రముల విషయమున మన గిడ్డంగులలో అట్టి దుర్దినము రాకమునుపే మేలుకొనుట మన చేతిలోనున్నది. ఆ గిడ్డంగిలో దాచినది మన ఏడాది కష్టము. అందు మూటలు మోయువారు మన ఊరివారు. దాని గోడ ప్రక్కనున్న ఇండ్లు మన బంధువులవి. వచ్చు సమావేశపు కార్యక్రమములో ఈ విషయమును చేర్చి చర్చింపవలసినదిగా సంఘముల అధ్యక్షులను, వచ్చు పంటకాలములో సరకు దింపుటకు ముందు యంత్రము నడపువాని పత్రము చూపుడని అడుగవలసినదిగా సభ్యమహాశయులను ప్రార్థించుచున్నాము.